మౌస్ పట్టే ముందు

అనంతపురంలోని ఒక యూనివర్సిటీలో ఎం.కాం. చదివే ఓబులేశుకు ఏ పాఠమైనా అర్థం చేసుకోవడం కంటే బట్టీ పట్టడమే సుఖంగా ఉండేది.

ఆ ఏడాది వ్యాపార సాఫ్ట్‌వేర్ కోర్సు పెట్టారు. కొనుగోళ్లు, అమ్మకాలు, గోదాములోని సరుకు అన్నీ కంప్యూటర్లోనే నడిపే విద్య అది. దాని సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే ఇంటర్వ్యూకి పిలుస్తామని ఒక సిమెంటు ఫ్యాక్టరీ చెప్పింది. ఆ ఫ్యాక్టరీ ఓబులేశు సొంతూరి పక్కనే ఉంది. ఆ ఉద్యోగం మీదే అతని ప్రాణమంతా.

ల్యాబులో వసుంధర మేడమ్ పాఠం చెబుతుంటే అతను తెర మీద బటన్లు చూసేవాడు, మాట వినేవాడు కాదు. "పై వరసలో రెండోది, కింద పచ్చది, మళ్లీ రెండోది" అని జపం చేసేవాడు. స్నానానికి వెళ్తూ కూడా అదే జపం. "స్వామీ, వరం ఎప్పుడిస్తావు?" అని రూమ్‌మేట్ చిన్నప్ప దండం పెట్టేవాడు.

పరీక్ష రోజు తెర చూసి ఓబులేశు కంగుతిన్నాడు. పరీక్షకు కొత్త వెర్షన్ పెట్టారు. బటన్లన్నీ చోటు మారాయి. అయినా చెయ్యి అలవాటు మానలేదు. పై వరసలో రెండోది నొక్కింది. ప్రశ్న ప్రకారం గోదాములోకి రావలసిన ఎరువు బస్తాలు లెక్కలో అమ్ముడైపోయాయి. కంగారులో మళ్లీ నొక్కాడు. ఉన్నవి కూడా పోయాయి. ఓబులేశు ఫెయిలయ్యాడు.

"స్క్రీన్ మార్చేసినారు మేడమ్! నేనేం చేసేది?" అని లబలబలాడాడు.

"సరే, కంప్యూటర్‌కి నువ్వేం చెప్దామనుకున్నావు? సరుకు వచ్చిందనా, పోయిందనా?" అని అడిగింది మేడమ్.

"పై వరసలో రెండోది..." అని మొదలుపెట్టి ఓబులేశు నాలుక కరుచుకున్నాడు. సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఇంకొక్క అవకాశం ఉంది. అప్పటిదాకా ఒకటే పని చెయ్యి. ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో ముందు నోటితో చెప్పు. ఆ తర్వాతే మౌస్ పట్టు" అందామె.

ఆ రోజు నుంచి హాస్టల్ మెస్సే అతని కంపెనీ అయింది. కూరగాయల ఆటో రాగానే వెళ్లి నిలబడేవాడు. "టమాటాలు వచ్చినాయి, స్టాకు పెరిగింది. కుళ్లినవి తిరిగి పోతాండాయి, స్టాకు తగ్గింది" అనేవాడు. తర్వాత ల్యాబుకు వెళ్లి అదంతా కంప్యూటర్లోకి ఎక్కించేవాడు. చిన్నప్ప టిఫిన్ తింటుంటే కూడా వదిలేవాడు కాదు. "రెండు ఇడ్లీలు బయటికి" అనేవాడు.

"బయటికి యాడప్పా, నా కడుపులోకి!" అని చిన్నప్ప కసురుకునేవాడు.

రెండోసారి పరీక్షలో ల్యాబులో ఎన్నడూ చెప్పని ప్రశ్న వచ్చింది. వచ్చిన బస్తాల్లో సగం తడిసిపోయాయి, వాటిని వెనక్కి పంపాలి. ఓబులేశు చెయ్యి మౌస్ వైపు వెళ్లబోయి ఆగింది. "మన గోదాములోంచి వాళ్ల దగ్గరికి. కుళ్లిన టమాటాలే కదా ఇవి!" అని గొణిగాడు.

"మాట్లాడకూడదు!" అని ఇన్విజిలేటర్ గద్దించాడు.

ఓబులేశు లోలోపల నవ్వుకున్నాడు. బటన్ల మీద పేర్లన్నీ నింపాదిగా చదివి, కావలసినదాన్ని వెతికి పట్టుకున్నాడు.

సర్టిఫికెట్ వచ్చింది. వెనకే ఫ్యాక్టరీ నుంచి పిలుపూ వచ్చింది. ఇంటర్వ్యూకి బయలుదేరుతుంటే చిన్నప్ప గుబులుగా అడిగాడు. "ఆడ ఇంకేదో సాఫ్ట్‌వేర్ ఉంటేనో?"

"ఉండనీలేప్పా. సరుకు వచ్చేది, పోయేది యాడైనా ఒకటే కదా!" అన్నాడు ఓబులేశు.

నీతి: ఎందుకో తెలియకుండా చేతికి అలవాటు చేసిన పని చిన్న మార్పు రాగానే మొండిచెయ్యి చూపిస్తుంది. ఎందుకో తెలుసుకుని నేర్చిన విద్య ఎక్కడికి వెళ్లినా అక్కరకొస్తుంది.