ఓబులమ్మ హోటలుకు తరుగుడు చెక్క

"చేత్తో చిత్రిక పట్టిన చెక్క గొప్పదా, కరెంటు మిషను పట్టినది గొప్పదా?" మౌనేశ్ ఈ ప్రశ్నను తన గురువు లింగాచారిని టీ తాగేటప్పుడల్లా అడిగేవాడు. లింగాచారి ప్రతిసారీ గ్లాసు అడుగున ఏదో పడిపోయినట్టు వెతికి, "చూద్దాంలేరా" అనేవాడు. కొత్త మిషను అట్టపెట్టెలోనే మూలుగుతోంది. గురువు ఊ అంటే తప్ప దాన్ని వడ్రంగి కొట్టంలో తిప్పడానికి లేదు. మౌనేశ్‌కు ఒళ్లు మండిపోయేది. పేరేమో మౌనేశ్వరుడిది, నోటికేమో విశ్రాంతి లేదు.

ఒకరోజు హోటలు నడిపే ఓబులమ్మ వచ్చి, కూరగాయలు తరిగే చెక్కలు కావాలంది. "మచ్చుకు నువ్వు మిషనుతో ఒకటి, నేను చేత్తో ఒకటి చేద్దాం" అన్నాడు లింగాచారి శిష్యుడితో. "ఆమె ఏది మెచ్చితే ఇకమీదట మన కొట్టంలో అదే పద్ధతి."

మౌనేశ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఒకే వేపదుంగలోంచి రెండు పలకలు కోశారు. మిషను రయ్యిమంది. పక్కనే ముసలాయన చిత్రిక చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుస్తోంది. అబ్బ, ఏం నింపాది! ఒకసారి తోయడం, ఊదడం, వేలితో నిమరడం. చెక్కకేమన్నా పెళ్లిచూపులా? మౌనేశ్ తన పలకను అద్దంలా చేసి, ఊరికే అటు తొంగి చూస్తూ గోళ్లు కొరుక్కున్నాడు.

సాయంత్రం ఓబులమ్మ వచ్చింది. మిషను చెక్క మీద ఉల్లిగడ్డ పెట్టి కత్తి దించింది. చెక్క టకటకమని ఊగింది. ఆమె గురువుగారి చెక్క అందుకుంది. అదీ ఊగింది.

"ఏంది సామీ ఇది? ఉల్లిగడ్డను తరగాలా, జోలపాడి నిద్రపుచ్చాలా? రేపు పొద్దునకి కదలనిది ఇస్తే సరి. లేదంటే ప్లాస్టిక్‌వి తెచ్చుకుంటా!" అని విసవిసా వెళ్లిపోయింది.

తిరగేసి చూస్తే రెండింటికీ అడుగువైపు పలక మెలి తిరిగి, ఎత్తుపల్లాలతో అలాగే ఉంది. నున్నగా మెరుస్తున్నది పైవైపు ఒక్కటే.

మౌనేశ్‌కు ఏడుపొక్కటే తక్కువ. "పరువు పోయింది, బేరమూ పోయేట్టుంది. ఇప్పుడైనా తేల్చండి గురువుగారూ, చెయ్యా? మిషనా?"

లింగాచారి తల గోక్కున్నాడు.

"నువ్వు పొద్దంతా నా చేతులనే చూశావు. నేనూ దొంగచాటుగా నీ మిషన్నే చూశాను. చెక్కను చూసిందెవరో చెప్పరా, దాన్ని బట్టి చెబుతాను."