యలమంద చూపిన ఆధారాలు

కొండవాగు సంస్థానంలో ఏ గ్రంథానికి ప్రతులు రాయాలన్నా ఆస్థాన పండితుడు గంగాధర భట్టు ఒప్పుకోవాలి. గ్రంథంలో ప్రతి మాటకీ ఆధారం చూపాలని ఆయన నియమం. ముందు కర్త పేరు, తర్వాత ఊరు, ఆపైన తాటాకు అంకె, చివర వరుస అంకె. ఆ క్రమం తప్పితే లోపల ఏముందో చూడకుండానే తిప్పి పంపేవాడు.

ఆ ఏడు పశువులకి గొంతువాపు సోకి దొడ్లకి దొడ్లే ఖాళీ అవుతున్నాయి. పశువైద్యుడు యలమంద తనకి తెలిసిన మందులన్నీ రాయించి తెచ్చాడు. భట్టు మూడుసార్లు తిప్పి పంపాడు.

"ఆధారాల్లేని రాత చెల్లదు, పో!"

నాలుగోసారి యలమంద ఆధారాల జాబితా కూడా రాయించుకుని నేరుగా సభకే వచ్చాడు. భట్టు వేలు పెట్టి మొదటిది చదివాడు.

"ధవళుడు, ఏటిపాలెం, మూడు, ఐదు. ఇదీ పద్ధతంటే!"

"ఆ గ్రంథం మీరు చూశారా?" అని రాజు అడిగాడు.

"చూడ్డమేమిటి ప్రభూ, ధవళుణ్ణి ఆసాంతం చదివాను. మహా గంభీరమైన శైలి."

రాజు యలమంద వైపు తిరిగాడు. "ఎవరయ్యా ఈ ధవళుడు?"

"మా తెల్ల గిత్త, దొరా. ఈ మందుతోనే బతికింది. ఏటిపాలెంలో మూడో దొడ్డి, ఐదో గుంజకి కట్టేసుంటాది. పంతులుగారు ఎప్పుడొచ్చి చదివారో మరి, నేను చూళ్లేదు."

రాజు ఆ పూటే ప్రతులు రాయమన్నాడు. ఇకమీదట ప్రతి ఆధారాన్నీ భట్టే స్వయంగా వెళ్లి చూసి రావాలన్నాడు.

గిత్త పొడుస్తుందని మాత్రం ఆయనకెవరూ చెప్పలేదు.