ఏ ఆవుకు ఆ గంట

అనగా అనగా ఓ కొండ, కొండ కింద గంధవరం అనే ఊరు, ఆ ఊరి చివర ఓ కంచరి కొలిమి. ఆ కొలిమి మౌనాచారిది. ఆవుల మెడలో కట్టే కంచు గంటలు పోసేవాడు.

గంట కావాలని ఎవరొచ్చినా ముందు ఆవు పేరడిగేవాడు. తర్వాత దాని నడక చూసేవాడు. గంట పోశాక అంచును ఆకురాయితో గీకి, మోగించి, మళ్లీ గీకి, ఊళ్లో మరే గంటకూ లేని మోత వచ్చేదాకా వదిలేవాడు కాదు. ఒక్క గంటకు వారం పట్టేది.

ఒకనాడు ఆ ఊరి వర్తకుడు రత్నయ్యసెట్టి బజారులో కొత్త దుకాణం తెరిచాడు. "రండి బాబూ రండి! పాత గంట ఇచ్చి కొత్తది పట్టుకుపొండి!" అని కేకేశాడు. అన్నీ ఒకే అచ్చులో పోసిన గంటలు, తళతళా మెరిసిపోతున్నాయి. ఇంకేముంది, జనం ఎగబడ్డారు.

మౌనాచారి గుమ్మం బోసిపోయింది. పాపం, ఆయనకేమీ పాలుపోలేదు. మెరుపు చాల్లేదేమోనని గంటల్ని చింతపండుతో తోమాడు. ఎవరూ రాలేదు. అందం చాల్లేదేమోనని ఎర్ర కుచ్చులు కట్టాడు. ఈగ కూడా వాలలేదు. చివరికి తానూ ఒకే అచ్చులో మూడు గంటలు పోసి మోగించాడు. మూడూ ఒకేలా మోగాయి.

"ఇదేమిటే వీరభద్రమ్మా! వీటిలో గౌరి ఆవుదేది, తుమ్మెద ఆవుదేది?" అన్నాడు భార్యతో, బుర్ర గోక్కుంటూ.

"నన్నడిగితే నాకేం తెలుసు! బియ్యం నిండుకున్నాయి. ఈ వారం ఒక్కరైనా రాకపోతే కొలిమి ఆర్పేసి కూలికి పోదాం," అందామె కళ్లొత్తుకుంటూ.

తాతల నాటి కొలిమి! మౌనాచారి గుండె చెరువైంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కొండను మంచు కమ్మేసింది. మేతకెళ్లిన మంద చెల్లాచెదురైంది. పైగా కొండ మీద చిరుతపులి తిరుగుతోంది. ఊరంతా గంటల మోత పట్టుకుని వెతకబోయింది. ఎటు విన్నా ఒకటే గణగణ! గౌరి అనుకుని పోతే తుమ్మెద, తుమ్మెద అనుకుని పోతే ఇంకోటి. సెట్టి తన ఆవు ధవళ అనుకుని పొదలో దూరి, ఎవరిదో పొగరుబోతు ఆవు చేత తన్నులు తిన్నాడు.

కుంటుకుంటూ కొలిమి దగ్గరికొచ్చి పడ్డాడు. "ఆచారీ, మా ధవళ నిండు చూడిదయ్యా! నాకేం తోచడం లేదు. ఏదైనా దారి చెప్పు!"

మౌనాచారి తెల్లబోయాడు. "నేనేం చెయ్యగలను సెట్టిగారూ?" అన్నాడు. అంతలో ఏదో తట్టి, "మీరు పుచ్చుకున్న పాత గంటలు కరిగించేశారా?" అనడిగాడు.

"లేదు, దుకాణం వెనక కుప్పగా పడున్నాయి."

మౌనాచారి ఆ కుప్ప ముందు కూర్చుని ఒక్కోటీ మోగించాడు. "ఇది గౌరిది. ఇది తుమ్మెదది. ఇదిగో, మీ ధవళది!"

ఊరివాళ్లు ఎవరి గంట వాళ్లు తీసుకుని కొండ కింద నిలబడి మోగించారు. ఏళ్ల తరబడి మెడలో విన్న మోత కదా! మొదట గౌరి "అంబా" అంటూ వచ్చింది. తర్వాత తుమ్మెద దిగింది. అన్నిటికన్నా చివర, బరువుగా అడుగులేస్తూ ధవళ వచ్చి, సెట్టి చేతిలోని గంటకు మెడ ఆనించింది. సెట్టి భోరున ఏడ్చేశాడు.

మూడోనాడు తెల్లారేసరికి కొలిమి ముందు ఊరంతా బారు తీరింది. అందరికన్నా ముందు సెట్టే.

"ధవళకు దూడ పుట్టింది ఆచారీ. దానికో గంట కావాలి," అన్నాడు.

మౌనాచారికి ఇంకా అంతా అయోమయంగానే ఉంది. అయినా అలవాటు కొద్దీ అడిగాడు: "పేరేం పెట్టారు? ఎలా నడుస్తుంది?"

తళుకు చూసి వచ్చినవాళ్లు తళుకు మాసేదాకా ఉంటారు. పనితనం ఎరిగి వచ్చినవాళ్లు తరతరాలూ ఉంటారు.