మూడు ఆకురాళ్లు, ఒక కోపం

అనగా అనగా ఒక అడవి. ఆ అడవిలో జూలమ్మ అనే ఎలుగుబంటి. ఆ జూలమ్మ ముక్కు మీద ఎప్పుడూ ఒక కోపం.

ఒకనాటి గాలివానకు మద్దిచెట్టు కూలి ఆమె గుహకు అడ్డంగా పడింది. లోపల ఆమె కొడుకు బుడ్డోడు చిక్కుకుపోయాడు. వాన నీరు గుహలోకి పారుతోంది.

జూలమ్మ మండిపడింది. కలప కొట్టేవాళ్లు వదిలిపోయిన గొలుసు రంపాన్ని పెట్టెతో సహా తెచ్చింది. రంపాన్ని మానుకు ఆనించింది. రంపం గుర్రుమంది. జూలమ్మ అంతకన్నా గట్టిగా గుర్రుమంది. మాను మాత్రం తెగలేదు. ఇంత పొగ, చిటికెడు పొట్టు!

“అత్తా, గొలుసు పళ్లు మొద్దుబారాయి. ఆకురాయి పట్టు,” అంది కొమ్మ మీది ఉడుత.

జూలమ్మ రంపం ఆపింది. ఒక ఆకు తెంపింది, ఒక రాయి ఏరింది, రెండూ పెట్టి పరపరా రుద్దింది!

ఉడుత పొట్ట పట్టుకుని నవ్వింది. “ఆకూ కాదు, రాయీ కాదు అత్తా! రంపం పెట్టెలో గరుకు గరుకు ఇనప కడ్డీలున్నాయే, అవీ!”

“ముందే చెప్పి ఏడవొచ్చుగా!” అని పెట్టెను ఒక్క తన్ను తన్నింది జూలమ్మ. మూడు ఆకురాళ్లు దొర్లాయి.

లావుపాటిది లాక్కుంది. “నా కోపానికి ఇదే సరి!” అది గొలుసు పంటి కింది గుంటలో దిగనే లేదు, పైపైన గీకింది. రంపం మాను మీద జారిపోయింది.

దాన్ని విసిరికొట్టి సన్నది అందుకుంది. అది గుంట అడుగుకు దిగి పన్ను కిందంతా తొలిచేసింది. పన్ను కొక్కెమై మానును కరిచింది. రంపం ఎగిరిపడింది.

“పాడు రంపం! పాడు చెట్టు! పాడు వాన!”

“హమ్మయ్య, నన్నేం అనలేదు,” అంది ఉడుత.

“నువ్వూ పాడే!”

అప్పుడు చెట్టు సందులోంచి బుడ్డోడి గొంతు వినిపించింది. “అమ్మా, నీళ్లు నడుం దాకా వచ్చాయి. నాకు ఇప్పపూల ముద్ద చేసేటప్పుడు నీ కోపం చూసి చేస్తావా, నా నోరు చూసి చేస్తావా?”

జూలమ్మ గుర్రుమనడం ఆపింది. వంగి, తొలిసారి పన్ను కేసి చూసింది. మూడోదైన మధ్యరకం ఆకురాయిని గుంటలో పెట్టింది. నోట్లో ముద్దలా అమరింది. ఆకురాయి వీపు మాత్రం పంటి అంచు మీద కాస్త పైకి కనబడింది. ఒక్కో పంటినీ లోపలి నుంచి బయటికి, ఒకే వైపుగా రుద్దింది.

ఈసారి పొట్టు పెచ్చులు పెచ్చులుగా ఎగిరింది. మాను రెండు ముక్కలైంది.

బుడ్డోడిని మెడ పట్టి లాగి, గుండెకు అదుముకుని, వీపు మీద ఒక్కటి వేసింది జూలమ్మ. “అంత గాలివానలో గుహలో నిద్రేమిట్రా!”

“చూశావురా, మీ అమ్మ కోపం కూడా మధ్యరకానికి దిగింది!” అంది ఉడుత.

కనుక పిల్లలూ, పనిముట్టును మన కోపం కొలతకు ఎంచుకోకూడదు, పని కొలతకు ఎంచుకోవాలి.