బొట్టు పెట్టిన పెట్టె

మరీ పాతకాలం మాట కాదు. వెదుళ్ళపాడు పంచాయతీ ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ నెట్ అడ్రసులు గోడమీది రౌటర్ పెట్టే పంచేది. ప్రెసిడెంటు గవర్రాజు గారు గొప్పకోసం ఇంకో పెట్టె తెచ్చి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, అదే వైరుకు తగిలించారు. అదీ తనకు తోచిన అడ్రసులు పంచింది. దాంతో తప్పు అడ్రసులందుకున్న కంప్యూటర్లలో నెట్ పడకేసింది.

"పింఛన్లు ఆగిపోయాయి! సాయంత్రానికి బాగవకపోతే నువ్వింటికే!" అని ఆయన ఆపరేటరు చిట్టెమ్మ మీద ఎగిరారు.

తప్పు ఆయన పెట్టెదంటే ఇప్పుడే ఇంటికి పంపేస్తారని చిట్టెమ్మకు తెలుసు.

"పూజచేసిన పెట్టెను అందరూ చెప్పులతో తిరిగేచోట ఉంచొచ్చాండీ?" అంది.

గవర్రాజు గారు లెంపలేసుకుని, వైరు పీకి, పెట్టెను ఇంట్లో దేవుడి గూట్లో పెట్టొచ్చారు. ఈలోగా చిట్టెమ్మ కంప్యూటర్లు ఆపి మళ్ళీ వేసింది; ఈసారి వాటికి గోడమీది పెట్టె అడ్రసులే అందాయి. నెట్ వచ్చేసింది. పింఛన్ల వరసలోని ముసలాళ్ళు హమ్మయ్య అనుకున్నారు.

"చూశావా నా పెట్టె మహిమ!"

"కళ్ళారా చూశానండీ. ఇక దాన్ని గూట్లోంచి కదపకండి, చాలు."