అటకలో కురిసిన వాన

అనగనగా, చలికాలంలో పొద్దెక్కినా మంచు విడవని ఒక కొండ అడవిలో గంగులు, బోదెమ్మ అనే ఉడుత దంపతులు ఉండేవారు. వాళ్లకి ముగ్గురు పిల్లలు. ఒక మోడు చెట్టు తొర్రలో కాపురం. పైన బెరడు కప్పు, దాని కింద చిన్న అటక. చలికాలమంతా తినాల్సిన గింజలన్నీ ఆ అటక మీదే ఉండేవి.

ఆ ఇల్లు కట్టింది వడ్రంగిపిట్ట వీరన్న. "అటకకి అటొకటి, ఇటొకటి కంతలు వదిలాను గంగులూ. వాటిని మాత్రం మూయకు" అని ఇల్లు అప్పగించిన రోజే చెప్పాడు.

ఆ ఏడు చలి ఎముకలు కొరికింది.

"పిల్లలు వణికిపోతున్నారయ్యా" అంది బోదెమ్మ.

గంగులు గబగబా నాచు తెచ్చి రెండు కంతల్లోనూ కూరేశాడు. ఇల్లు వెచ్చబడింది. అందరూ హాయిగా పడుకున్నారు.

నాలుగో రోజు పొద్దున అటక మీంచి టప్ టప్‌మని చుక్కలు పడ్డాయి.

"కప్పు కారుతోంది" అన్నాడు గంగులు.

"వానే లేదు కదా, ఎలా కారుతుంది?" అంది బోదెమ్మ.

గంగులు వినిపించుకోలేదు. కప్పు మీద ఇంకో వరస ఆకులు పరిచాడు. చుక్కలు ఆగలేదు. చెమ్మ ఆరుతుందని కుంపటి రాజేసి, దాని మీద రోజంతా గంజి కాచాడు. చుక్కలు ఇంకా ఎక్కువయ్యాయి. ఆ తర్వాత మూడో నాడు చిన్నపిల్ల గింజ కొరికి ఉమ్మేసింది.

"అమ్మా, చేదు!"

బోదెమ్మ అటక ఎక్కి చూసింది. అడుగు గింజలన్నీ నల్లగా బూజు పట్టాయి. ఆమె వెళ్లి వీరన్నని పిలుచుకొచ్చింది.

వీరన్న గంజికుండ మూత ఎత్తి తిరగేశాడు. మూత లోపల నీళ్లు.

"ఈ నీళ్లు ఎవరు పోశారు?"

"ఎవరూ పోయలేదు. ఆవిరి" అన్నాడు గంగులు.

"మీ కప్పూ ఇలాంటి మూతే. మీ వంట ఆవిరి, మీ ఊపిరి పైకి పోతాయి. చల్లటి కప్పు తగలగానే నీళ్లవుతాయి. కంతలుంటే ఆ చెమ్మని గాలి మోసుకుపోయేది."

"మరి చలి మాటేమిటి మామా?" అని అడిగాడు గంగులు.

"అటకకి చలి వేస్తే వెయ్యనీ. మీకు వెయ్యకుండా చూసుకో. అటక తలుపు బిగించు. కుండ మీద మూత తియ్యకు. కంతల్లో నాచు తీసి, ఆరబెట్టి, పిల్లల పక్క కింద పరుచు."

గంగులు తల వంచుకుని నాచు పీకేశాడు. రెండు రోజుల్లో అటక ఆరింది. కానీ సగానికి పైగా గింజలు పారబొయ్యాల్సి వచ్చింది. ఆ చలికాలమంతా భార్యాభర్తలు మంచులో తడుస్తూ రాలిన కాయలు వెతికారు. పెద్దవాళ్లు ఒక పూట మానేసి పిల్లలకి రెండు పూటలా పెట్టారు.

కొమ్మలకి తొలి చిగురు కనిపించిన రోజున అటక మీద మిగిలినవి పదకొండు గింజలు. పిల్లలు చిక్కిపోయారు. కానీ ముగ్గురూ బతికారు.

నీతి: ఎందుకు పెట్టారో తెలుసుకోకుండా దేన్నీ మూసెయ్యకూడదు.