చేతులు సాగదీసిన సుక్కవ్వ

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీరు పెరుగుతున్న చోట సాలెవాడ లేదు, మగ్గం లేదు, సుక్కవ్వ పేరు తెలిసిన మనిషి లేడు. నేను చెప్పకపోతే ఇక మీకు చెప్పేవాళ్ళు ఉండరు. అందుకే చెబుతున్నాను. విన్నది విన్నట్టే చెబుతాను. తెలియని చోట తెలియదంటాను.

కోడికన్నా ముందు మగ్గాలు నిద్ర లేచే కాలం అది. ఊళ్ళకు పేర్లున్నా ఏళ్ళకు లెక్క లేని కాలం.

ఆ కాలంలో, పత్తి పండే నల్లనేల మీద, నేతగాళ్ళు బతికే ఒక సాలెవాడ ఉండేది. ఆ వాడలో సుక్కవ్వ ఉండేది. ఆమెకు మగడు లేడు, మగ్గం లేదు, నలుగురిలో మాట చెల్లే పెద్దరికం లేదు. ఆమె పనంతా పడుగు దగ్గర.

బట్టలో పొడుగ్గా పోయే దారాలను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధి పొడవునా చాచి కట్టి, గంజి పట్టించి, మెల్లగా బిగిస్తారు. ఎండు దారాన్ని లాగితే తెగుతుంది. అందుకని సుక్కవ్వ పొద్దున్నే గంజి కుండతో వచ్చేది. పడుగును తడిపేది, నిమిరేది, ఆగేది. ఆ తర్వాతే బిగించనిచ్చేది. తెగిన పోగులు అతికి ఇంటికి పోయేది. రోజూ అదే పని. తడిపేది, నిమిరేది, ఆగేది.

అదే వాడలో కైలాసం అనే నేతగాడు ఉండేవాడు. అతను నేసిన పంచెలో నీళ్ళు పోసినా కారవని చెప్పుకునేవారు. అది కొంచెం ఎక్కువ చెప్పడమే అనుకుంటాను. కానీ మంచి నేతగాడే. మొండివాడు కూడా. నొప్పి అని చెప్పడం అతనికి రాదు.

మగ్గం కింద గుంత ఉంటుంది. అందులో కాళ్ళు పెట్టుకుని, పొద్దుటి నుంచి పొద్దు వాలేదాకా వంగి నేసేవాడు. ఏళ్ళ తరబడి నేశాడు. మొదట మెడ పట్టింది. తర్వాత వీపు పట్టింది. చివరికి కుడి భుజం పట్టింది. చెయ్యి పైకి లేవదు, పక్కకు చాచుకోదు. చెయ్యి చాచలేనివాడు నాడె విసరలేడు. అడ్డపోగును ఇటు నుంచి అటు మోసుకుపోయేది నాడె. అది ఆగితే మగ్గం ఆగినట్టే.

"వచ్చే అమాస దాకా చూస్త," అన్నాడు కైలాసం భార్యతో. "చెయ్యి లేవకపోతే గుంత పూడుస్త."

భార్య బుచ్చవ్వ చేతిలో పని ఆపి గుంత వంక చూసింది. గుంత పూడ్చిన ఇంట్లో మళ్ళీ మగ్గం ఆడకూడదని వాడ కట్టుబాటు. అది కైలాసం తాత తవ్విన గుంత. పిల్లలు ఇంకా నేత నేర్చే ఈడుకు రాలేదు. ఒక్కసారి పూడిస్తే వాళ్ళకూ ఆ ఇంట్లో నేత ఉండదు.

మొదట పక్క ఊరి పైల్వానును పిలిచారు. "ఎద్దు కొమ్ములు వంచినోణ్ణి, ఈ చెయ్యెంత?" అని అతను పట్టుకు లాగాడు. కైలాసం పళ్ళు కొరికి ఊరుకున్నాడు. మర్నాటికి చెయ్యి ఇంకా బిగిసింది. వీధిలో పోగులు అతుకుతున్న సుక్కవ్వ తలెత్తకుండానే, "ఎండు పోగు గుంజకుండ్రి," అంది. ఎవరూ వినిపించుకోలేదు.

రెండోసారి వాడ మగవాళ్ళే వచ్చారు. "సాగదీసుడు మనకు రాదా? తాతల కాన్నుంచి మన పని అదే గదా," అన్నారు. కైలాసం నడుమును పడుగు కట్టే రాటకు కట్టి, మణికట్టుకు పగ్గం వేసి, పడుగును బిగించినట్టే అందరూ కలిసి బిగించారు. టప్పున చప్పుడైంది. లాగేవాళ్ళు ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు.

"తెగింది," అన్నాడొకడు కింద నుంచి.

"ఏంది, చెయ్యా?"

"కాదురా, పగ్గం."

వాడంతా నవ్వింది. కైలాసం నవ్వలేదు. "ఎండు పోగు గుంజకుండ్రి," అంది సుక్కవ్వ మళ్ళీ. మళ్ళీ ఎవరూ వినిపించుకోలేదు.

మూడోసారి ఒక పెద్దాయన, "కదిలిస్తేనే గదా నొప్పి, కదలకుండ కట్టుండ్రి," అన్నాడు. చెయ్యిని రొమ్ముకు ఆనించి గుడ్డతో చుట్టేశారు. కొన్నాళ్ళకు కట్టు విప్పితే చెయ్యి చుట్టిన చోటనే ఉండిపోయింది. ఈసారి సుక్కవ్వ తన పోగులు తాను అతుక్కుంటూ పోయింది.

కైలాసం ఇంటి ముందు మట్టి తోలించాడు. గుంత పూడ్చే మట్టి. దాన్ని చూడలేక బుచ్చవ్వ సుక్కవ్వ దగ్గరికి పోయింది.

"అవ్వా, ఎండు పోగు గుంజొద్దని రెండుసార్లు అన్నవు. మరి ఏం జెయ్యాల్నో చెప్పకపోతివి."

"ఎవలన్న అడిగిన్రా బిడ్డా?"

"నేనడుగుతున్న."

"నాకు వైద్యం రాదు. పడుగు ఒక్కటే తెలుసు," అంది సుక్కవ్వ. "ఎముక విరిగిందా?"

"లేదు."

"వాచిందా?"

"లేదు."

"పట్టుకుంటె ఉడుకుతున్నదా?"

"లేదవ్వా. ఊకె బిగుసుకుపోయింది."

"అట్లయితే వస్త."

పిల్లలూ, మిగతా కథ మరిచిపోయినా ఈ మూడు ప్రశ్నలు మాత్రం మరిచిపోకండి. విరిగినదాన్ని, వాచినదాన్ని, వేడిగా ఉన్నదాన్ని సుక్కవ్వ ఎన్నడూ ముట్టలేదు.

పట్టపగలు, కైలాసం ఇంటి అరుగు మీద సుక్కవ్వ చాప పరిచింది. బుచ్చవ్వను పక్కన కూర్చోబెట్టింది.

"పండుకో కొడుకా."

"నేనేమన్న పసిపోరన్నా?" అన్నాడు కైలాసం.

"పసిపోరడైతే ఇంత బిగుసుకోడు."

ఆముదం వెచ్చబెట్టి భుజాన్ని తడిపింది. అరచేత్తో నిమిరింది. ఒక చెయ్యి మోచేతి కింద, ఒక చెయ్యి మణికట్టు కింద పెట్టి మెల్లగా ఎత్తింది. ఒకచోట కైలాసం చెయ్యి ఆగింది. ఆమె కూడా ఆగింది.

"నొస్తున్నదా?"

"లేదు."

ఇంకాస్త ఎత్తింది. అతని దవడ బిగిసింది.

"నొస్తున్నదా?"

"లేదు."

సుక్కవ్వ అతని చేతిని జాగ్రత్తగా దించింది. నూనె గిన్నె తీసుకుని లేచింది.

"పోతున్నవేందవ్వా?" అంది బుచ్చవ్వ.

"పోగు తెగేముందు కిర్రుమంటది. అది విని నేను ఆగుత. నీ మొగడు కిర్రుమనడు. పళ్ళు కొరికేటోని చెయ్యి నేను పట్ట."

"లగ్గమైన కాన్నుంచి గింతే అవ్వా. తేలు కుట్టినా చీమ కుట్టిందంటడు."

కైలాసం చూరు వంకకు తల తిప్పుకున్నాడు. "చాలు అంటే పిరికోడంటరు," అన్నాడు చివరికి.

"ఎవలంటరు? ఈడున్నది నేనూ నీ పెండ్లామూ."

"నేనైతె ఎప్పుడో అన్న," అంది బుచ్చవ్వ.

సుక్కవ్వ నవ్వి మళ్ళీ కూర్చుంది. తడిపింది, నిమిరింది, ఎత్తింది. చెయ్యి ఆగిన చోట కైలాసం పళ్ళు కొరకబోయి ఆగాడు. తర్వాత, "చాలు," అన్నాడు. ఆ మాట అతని నోట బుచ్చవ్వ వినడం అదే మొదలు.

సుక్కవ్వ అక్కడే ఆగింది. ముందుకు తొయ్యలేదు, వెనక్కి తేలేదు.

"ఇప్పుడు ఊపిరి ఇడువు."

కైలాసం ఊపిరి వదిలాడు. ఎవరూ లాగకుండానే చెయ్యి వేలెడు ముందుకు జరిగింది. అతను తల తిప్పి తన చెయ్యి వంకే చూశాడు, అది ఎవరిదో అన్నట్టు.

అట్లా మూడుసార్లు. "రేపు మళ్ళ వస్త," అని సుక్కవ్వ గంజి కుండ దగ్గరికి పోయింది.

మూడు రోజుల్లో బాగైందని కొందరు చెబుతారు. నాకు నమ్మకం లేదు. నేను విన్నది వేరు. అమాస వచ్చేనాటికి చెయ్యి భుజమంత ఎత్తు కూడా లేవలేదు. ఆ పొద్దు వాడవాళ్ళు తట్టలు, పారలు పట్టుకుని వచ్చి మట్టి కుప్ప దగ్గర నిలబడ్డారు.

"పూడ్చమంటవా కైలాసం?"

బుచ్చవ్వ గుమ్మంలో నిలబడింది.

కైలాసం చెయ్యి ఎత్తి చూపించాడు. రొమ్ము దాకా వచ్చి ఆగింది. "లేవలేదు గదా," అన్నాడు పార పట్టుకున్నవాడు.

"లేవలేదు. కానీ సాగుతున్నది," అన్నాడు కైలాసం. "ఇండ్లకు పోండ్రి. నేను ఆగుత."

వాళ్ళు తట్టలు బోర్లించుకుని వెళ్ళిపోయారు. బుచ్చవ్వ ఆ మట్టి కుప్ప మీద బీరగింజలు పెట్టింది. తీగ పాకింది, పువ్వు పూసింది, పిందె పడింది. కాయలు కోసే నాటికి కైలాసం నాడె విసిరాడు. చెయ్యి మునుపటంత పైకి ఎప్పటికీ రాలేదనీ అంటారు. నాడె విసిరేంత వచ్చింది. గుంత గుంతగానే ఉంది.

ఆ తర్వాత సుక్కవ్వ గడపకు మనుషులు రావడం మొదలైంది. నాట్లేసి నడుములు పట్టిన ఆడవాళ్ళు వచ్చారు. మోపులు మోసి మెడలు పట్టినవాళ్ళు వచ్చారు. కుండలు చేసి మోకాళ్ళు బిగిసినవాళ్ళు వచ్చారు. అందరినీ అదే అడిగేది, అందరికీ అదే చేసేది. తడిపేది, నిమిరేది, ఆగేది. ఎవరైనా ఇంత గంజి పోస్తే తాగేది.

కాలం పోయింది. సుక్కవ్వ ముసలిదైంది. వేళ్ళు ముడుచుకున్నాయి, భుజాలు వంగాయి. ఒకరోజు బుచ్చవ్వ వచ్చి చూస్తే, గంజి కుండను రెండు మోచేతుల మధ్య పెట్టి ఎత్తుతోంది. వాడలో ఇన్ని చేతులు పట్టిన మనిషి చెయ్యిని ఒక్కరూ పట్టలేదు. ఆమె అడగలేదు, ఎవరికీ తట్టలేదు.

బుచ్చవ్వ చాప పరిచింది. "పండుకో అవ్వా."

"నీకేం వస్తదే?"

"ఇన్నొద్దులు పక్కన కూసున్న. ఊకెనే కూసున్ననా?"

ముందు ఆ మూడు ప్రశ్నలూ అడిగింది. తర్వాత ముసలి చేతిని తన ఒళ్ళో పెట్టుకుని తడిపింది, నిమిరింది. ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పింది. వేలు ఆగిన చోట తనూ ఆగింది.

"చాలునా అవ్వా?"

సుక్కవ్వ కళ్ళు మూసుకుంది. "ఇంకొంచెంసేపు ఉండనియ్యి బిడ్డా," అంది.

ఆ మాట వాడంతా పాకింది. ఆమె పోయే రోజు దాకా రోజుకొక ఇల్లు వంతులేసుకుని ఆమె చేతులు పట్టింది. వంతు కోసం పోట్లాడుకున్నారని కూడా అంటారు. ఆమె పోయేటప్పుడు వేళ్ళన్నీ చాచుకునే ఉన్నాయట.

అమాసనాడు మగ్గాలకు సెలవు. ఆ వాడలో ఇప్పటికీ ఆనాడు అరుగుల మీద చాపలు వేస్తారు. భార్యకు భర్త, అత్తకు కోడలు, అన్నకు తమ్ముడు కాళ్ళూ చేతులూ సాగదీస్తారు. ఎవరైనా నొప్పి దాచుకుంటే, "సుక్కవ్వకు చెప్పు," అంటారు. చేయించుకున్నవాళ్ళు అట్లాగే లేచి పోరు. చేసినవాళ్ళను పడుకోబెట్టి తిరిగి చేశాకే చాప చుడతారు.

పిల్లలూ, ఇంతే కథ. మీకు పిల్లలు పుట్టాక వాళ్ళకు చెప్పండి. నోటితో చెప్పి ఊరుకోకండి, చాప వేసి చెప్పండి. గట్టిగా లాగకండి. తొందరపడకండి. ఆ వాడకు మరీ దూరాన ఉన్నామని, చెప్పినా ఎవరికి అర్థమవుతుందని మానెయ్యకండి.